ఎమ్మెస్సీ నర్సింగ్ చదువు ఉద్యోగంలో అక్కరకు వస్తోందో లేదో తేల్చుకోవడం ఎలా?

కోర్సు చివరి రోజున విద్యార్థుల చేత నింపించే అభిప్రాయ పత్రాలను చూసి ఎమ్మెస్సీ నర్సింగ్ కోర్సు బాగుందో లేదో నిర్ణయించడం మన కాలేజీల్లో అలవాటైపోయింది. అధ్యాపకులు వేళకు వచ్చారా, లైబ్రరీలో పుస్తకాలు దొరికాయా అన్నది ఆ పత్రాల వల్ల తెలుస్తుంది గాని, చదివినది పనిలో ఉపయోగపడిందా అన్నది తెలియదు. అప్పటికి వారు ఆ పనిలో చేరనే లేదు. అమెరికన్ ఆచార్యుడు డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో శిక్షణ ఫలితాన్ని సంతృప్తి, నేర్చుకున్న విషయం, పనితీరులో మార్పు, అంతిమ ప్రయోజనం అని నాలుగు అంచెలుగా విడదీసి చూపారు. మన పత్రాలు మొదటి అంచె దగ్గర, పరీక్షలు రెండో అంచె దగ్గర ఆగిపోతాయి. మూడో అంచె తెలియాలంటే ఉద్యోగంలో ఉన్నవారినే అడగాలి.

కోర్సు ముగించి ఆరు నెలలు దాటి, రెండేళ్లు నిండనివారిని ఎంచుకోవడం మంచిది. ఆరు నెలల లోపు అన్నీ కొత్తగానే ఉంటాయి. రెండేళ్లు దాటాక ఏది కాలేజీలో నేర్చుకున్నారో, ఏది వార్డులో నేర్చుకున్నారో వారికే గుర్తుండదు. ఎమ్మెస్సీ చేసినవారిలో కొందరు కాలేజీల్లో ట్యూటర్లుగా, కొందరు ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సులుగా చేరతారు, కొందరు విదేశాలకు వెళ్తారు కాబట్టి వారి జవాబులను కలిపేయకుండా విడివిడిగా చదవాలి. ఒక్కో స్పెషాలిటీలో విద్యార్థులు కొద్దిమందే ఉంటారు గనుక శాతాలు లెక్కగట్టడం వల్ల ప్రయోజనం లేదు. రెండు మూడు బ్యాచ్‌ల వారితో తీరికగా మాట్లాడటమే మేలు, అదీ తెలుగులో. ఇంగ్లీషు ఫారం ఇస్తే "గుడ్", "సాటిస్‌ఫ్యాక్టరీ" తప్ప మరేమీ రాదు.

ప్రశ్నలను సిలబస్ నుంచి తయారు చేయకూడదు. పాఠాల పేర్లు చదివి ఉపయోగపడ్డాయా అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. అందుకు బదులు ఒక హెడ్ నర్సును, ఇద్దరు పూర్వ విద్యార్థులను కూర్చోబెట్టి, వారంలో వారు నిజంగా చేసే పనులన్నీ రాసుకోవాలి. ప్రతి పనికి ఎదురుగా మూడు గడులు గీయాలి: అది ఎంత తరచుగా ఎదురవుతుంది, కోర్సు ముగిసేనాటికి దాన్ని ఒంటరిగా చేయగలిగేవారా, చివరికి ఎక్కడ నేర్చుకున్నారు. మూడో గడిలో "సీనియర్ సిస్టర్ చూపించారు" అన్న జవాబు పదేపదే వస్తే, కోర్సులోని లోటు ఎక్కడుందో చాలావరకు తెలిసినట్టే.

ప్రశ్న ఎంత నిర్దిష్టంగా ఉంటే జవాబు అంత నిజాయితీగా ఉంటుంది. ఐసీయూలో పనిచేసేవారిని "వెంటిలేటర్ నిర్వహణ వచ్చా?" అని అడగకుండా, "హై ప్రెషర్ అలారం మోగినప్పుడు ట్యూబు మడతపడిందా, రోగి దాన్ని కొరుకుతున్నారా, కఫం అడ్డుపడిందా అని డాక్టరు వచ్చేలోపు మీరే వరుసగా చూడగలిగేవారా?" అని అడగాలి. ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో నర్సింగ్ ఎడ్యుకేషన్ పేపరు ఉంటుంది, ప్రాక్టీస్ టీచింగ్ (పాఠం చెప్పే సాధన) కూడా ఉంటుంది. కాబట్టి ట్యూటర్లుగా చేరినవారిని లెసన్ ప్లాన్ గురించి కాకుండా, విద్యార్థిని పడక పక్కనే పొరపాటు చేస్తుంటే రోగి బెదరకుండా ఎలా సరిదిద్దారో చెప్పమనాలి.

తమకు ఏం రాదో అందరికీ తెలియకపోవచ్చు. అందుకే అవే ప్రశ్నలను వారి పైఅధికారులను కూడా అడగాలి. రెండు జవాబులూ పొసగని చోటే అసలు విషయం ఉంటుంది. అయితే బయటపడిన ప్రతి లోపమూ కోర్సుది కాకపోవచ్చు: ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూపొందించిన రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ (విషమ స్థితిలోని రోగుల సంరక్షణ) కోర్సు చేసిన వ్యక్తి, ఆ హోదాతో పోస్టే లేని ఆసుపత్రిలో చేరి, నేర్చుకున్నది మరిచిపోతున్నానని చెబితే ఆ లోపాన్ని కోర్సు ఖాతాలో వేయకూడదు. విద్యార్థులు ఆసుపత్రి పోస్టింగ్‌లలో చేసిన పనులు రాసి సంతకం చేయించుకునే లాగ్‌బుక్‌లను కూడా తిరగేయాలి. నెల రోజుల సంతకాలన్నీ ఒకే ఇంకుతో, ఒకే పూట పెట్టినట్టు కనిపిస్తే ఆ పోస్టింగ్‌లో ఏం నేర్చుకున్నారని విడిగా అడగవలసిందే.

అనుభవ ధ్రువపత్రం కోసం రేపు మళ్లీ అదే ప్రిన్సిపాల్ దగ్గరికి రావలసినవారు మొహమాటం లేకుండా మాట్లాడలేరు. కాబట్టి వివరాలు సేకరించే పని థీసిస్ గైడుకు గాని, ప్రిన్సిపాల్‌కు గాని అప్పగించకూడదు. చిన్న బ్యాచ్‌లో స్పెషాలిటీ పేరు రాసినా మనిషి ఎవరో తెలిసిపోతుంది కనుక నివేదికలో దాన్ని కూడా తీసేయాలి.

సిలబస్ మార్చే అధికారం కాలేజీకి లేదు. దానికి సంబంధించిన లోట్లను విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికో, వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయానికో ఆధారాలతో రాసి పంపాలి. క్లినికల్ పోస్టింగ్‌ల క్రమం, సెమినార్ అంశాలు, ప్రాక్టీస్ టీచింగ్ జరిపే చోటు మాత్రం చాలావరకు కాలేజీ చేతిలోనే ఉంటాయి. వాటిని తర్వాతి బ్యాచ్‌కే మార్చి, ఆ బ్యాచ్ ఉద్యోగాల్లో కుదురుకున్నాక అవే ప్రశ్నలు, అవే మూడు గడులతో మళ్లీ అడగాలి.