పాత కారు మీటర్ మనమే చూసుకుందాం – 3వ పాఠం: ఆ టకటక ఎక్కడిది?

కిందటి పాఠంలో డాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి, వేగం చూపించే మీటర్‌కి కేబుల్‌ని పట్టి ఉంచే నట్టు ఎక్కడుందో తడిమి చూసుకోవడం దాకా వచ్చాం. ఆ నట్టు చూడకుండా వేళ్లతో విప్పి మళ్లీ బిగించడం వచ్చిందా? రాకపోతే ముందు అది నేర్చుకుని రండి, ఈ రోజు పనంతా దాని మీదే నడుస్తుంది.

ఈసారి తేల్చాల్సింది ఒక్కటే. బండి నడుస్తుంటే డాష్‌బోర్డు లోంచి వచ్చే చప్పుడు మీటర్‌దా, కేబుల్‌దా, ఈ రెండూ కాని ఇంకేదైనానా? ఇది తేలేదాకా మీటర్ ఊడదీయొద్దు, అందులో చుక్క నూనె కూడా వేయొద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా నాన్నగారి అంబాసిడర్ మార్క్ 3కి నేను చేసింది అదే. వర్షాకాలమంతా కొబ్బరితోటలో షెడ్డు కింద ఉన్న బండిని కార్తీకంలో బయటికి తీశాను. పాలకొల్లు దాటి చించినాడ వంతెన వైపు వెళ్తుంటే డాష్‌బోర్డు లోపల టకటకమని మొదలైంది. ఇంటికొచ్చి మీటర్ వెనక నుంచి కుట్టు మిషను నూనె వేశాను. చప్పుడు ఏమీ తగ్గలేదు సరికదా, వారం తిరక్కుండా 40లో వెళ్తుంటే ముల్లు 70 చూపించడం మొదలుపెట్టింది. అప్పుడు మా వీధి చివర షెడ్డు నడిపే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, "ముందు కేబుల్ తీసి చూడాలి కదరా అబ్బాయ్, మీటర్ జోలికి ఎందుకెళ్లావు?" అన్నాడు. కేబుల్ లాగి చూస్తే లోపలి తీగ మూరెడు మేర తుప్పు పట్టి ఉంది. చప్పుడంతా దానిదే. మీటర్ అప్పటిదాకా బాగానే ఉంది, దాన్ని పాడుచేసింది నేను.

నూనె వేస్తే ముల్లు ఎందుకు ఎక్కువ చూపించింది? గేర్‌బాక్స్ నుంచి వచ్చే కేబుల్ మీటర్ లోపల ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దానికి తగలకుండా, వెంట్రుకవాసి ఎడంలో, అల్యూమినియం గిన్నె లాంటిది ఒకటి ఉంటుంది. అయస్కాంతం తిరిగేకొద్దీ ఆ గిన్నెలో విద్యుత్తు పుట్టి, అయస్కాంతం దాన్ని కూడా తాను తిరిగే వైపు ఈడుస్తుంది. ఓ సన్నటి స్ప్రింగ్ వెనక్కి పట్టి ఉంచుతుంది కాబట్టి గిన్నె పూర్తిగా తిరగదు, వేగానికి తగ్గట్టు కొంత మాత్రమే కదులుతుంది. ముల్లు ఉండేది ఆ గిన్నె ఇరుసు మీదే. 1902లో జర్మనీలో ఒట్టో షుల్జ్ పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది, మన అంబాసిడర్లు, పద్మినీల దాకా అదే నడిచింది. ఆ సన్నటి ఎడంలోకి నూనె చేరిందంటే గిన్నె అయస్కాంతానికి అంటుకున్నట్టయి దాంతోపాటే ఈడ్చుకుపోతుంది.

సరే, ఇక బండి తీయండి. పొద్దున్నే, రద్దీ లేనప్పుడు, గుంతలు లేని కాలువగట్టు రోడ్డు ఏదైనా చాలు. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి, వినే పని వాళ్లది. అద్దాలు ఎత్తేసి 20లో నడపండి, తర్వాత 40లో. చప్పుడు వస్తున్నప్పుడు గేరు న్యూట్రల్‌లో వేసి, ఇంజిన్ ఆపకుండా, బండిని దానంతటది దొర్లనివ్వండి. ఇంజిన్ మాట తగ్గినా ఆ చప్పుడు బండి వేగంతోపాటే నెమ్మదిగా తగ్గుతోందంటే మనం వెతికేది దొరికే అవకాశం ఉంది, ఎందుకంటే కేబుల్‌ని తిప్పేది గేర్‌బాక్స్ నుంచి చక్రాలకి వెళ్లే షాఫ్టు, న్యూట్రల్‌లో కూడా అది తిరుగుతూనే ఉంటుంది. ఇంజిన్ నెమ్మదించగానే చప్పుడు ఆగిపోతే మాత్రం మీటర్‌నీ కేబుల్‌నీ వదిలేయండి, అది వేరే కథ.

ఇప్పుడు చప్పుడు రకం వినాలి. టకటకమంటూ లెక్కపెట్టేలా వస్తూ, ముల్లు కూడా దానికి తగ్గట్టు ఊగుతుంటే చాలావరకు కేబుల్‌దే తప్పు. 1 మైలుకు సుమారు 1000 చుట్లు తిరిగే మీటర్ అనుకుంటే, గంటకు 20 కిలోమీటర్లలో వెళ్తున్నప్పుడు కేబుల్ సెకనుకు మూడు నాలుగు చుట్లు తిరుగుతుంది. ఒక చోట మడత పడి ఉంటే చుట్టుకో దెబ్బ చొప్పున వినపడుతుంది. అలా కాకుండా సన్నగా కీచుమంటూ, ముఖ్యంగా చలి ఉదయాల్లో బండి తీసిన కొత్తలో అరుస్తుంటే మీటర్ లోపల ఇరుసు తిరిగే బుష్ ఎండిపోయిందని అనుమానించండి. ఇది అనుమానమే, తీర్పు కాదు.

తీర్పు కోసం బండి ఆపి, మీటర్ వెనక నట్టు విప్పి కేబుల్ వదులు చేయండి. వదిలిన కొనకి గుడ్డ చుట్టి, వైర్లకి దూరంగా దారంతో కట్టాలి, ఇది మరిచిపోవద్దు. బండి కదిలితే ఆ కొన తిరుగుతుంది, వైరు తగిలిందంటే చుట్టేసుకుంటుంది. ముల్లు పనిచేయదు కాబట్టి వేగానికి ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని, పక్కవాళ్లని చూడమనండి. అదే రోడ్డు, అవే వేగాలు. చప్పుడు ఇంకా వస్తుంటే మీటర్ నిర్దోషి. ఆగిపోతే మాత్రం వెంటనే మీటర్ మీద పడొద్దు, ఎందుకంటే బరువు లేనప్పుడు చెడ్డ కేబుల్ కూడా ఒక్కోసారి నోరు మూసుకుని తిరుగుతుంది. అందుకే లోపలి తీగ బయటికి తీయాలి. చాలా బండ్లలో పై కొన పట్టుకుని మెల్లగా లాగితే వచ్చేస్తుంది.

గుడ్డతో పట్టుకుని తుడవండి, వట్టి చేత్తో వద్దు, తెగిన పోగు వేలిలో దిగుతుంది. కిరోసిన్‌తో కడిగి ఆరాక వెలుతురులో కొన నుంచి కొనకి చూడండి. మాదాంట్లో గేర్‌బాక్స్ వైపు మూరెడు మేర ఇటుకపొడి రంగు, కేబుల్ వంపు తిరిగే చోట ఒక పక్కన మాత్రం కొత్త సూదిలా మెరుపు. తుప్పు నీళ్లు చేరిన చోటు చెబుతుంది, మెరుపు ఒరుసుకున్న చోటు చెబుతుంది. మన లంకల్లో, సముద్రం దగ్గరి ఊళ్లలో బండి కింది కొన తడవకుండా వర్షాకాలం గడవదు కాబట్టి తుప్పు ముందు అక్కడే వెతకండి.

తర్వాత తీగ రెండు కొనలూ రెండు చేతులతో పట్టుకుని ఊయలలా వేలాడదీయండి. ఒక కొనని వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పితే రెండోది కూడా అంతే నెమ్మదిగా తిరగాలి. కాసేపు బిగబట్టి ఒక్కసారిగా గెంతిందా, మడత ఉంది, ఆ తీగ మార్చాల్సిందే. ఆ గెంతు చేతికి ఒక్కసారి తెలిస్తే ఇక మర్చిపోరు.

తీగ బాగుంటే చివరిగా మీటర్. తీగ చదరపు కొనని మీటర్ వెనక గుంతలో పెట్టి వేళ్లతో తిప్పండి. ఎక్కడా పట్టకుండా తిరగాలి, గరగరమన్నా బిగిసినా అప్పుడు దోషం మీటర్‌దే.

మంచి తీగని తిరిగి పెట్టేముందు గ్రాఫైట్ గ్రీజు పల్చగా రాయండి, కానీ మీటర్ వైపు జానెడు మేర పొడిగా వదిలేయండి. అది చుట్టలు చుట్టిన తీగ కదా, రైసు మిల్లులో స్క్రూ తవుడుని ముందుకు తోసినట్టు, తిరిగేకొద్దీ గ్రీజుని పైకి ఎక్కించుకుంటూ పోయే వీలుంది. మీరు రాయకుండానే పై కొన దాకా నూనె తడి కనిపిస్తే గేర్‌బాక్స్ దగ్గర సీలు పోయిందన్నమాట, దాన్ని మార్చకుండా ఇంకేం చేసినా దండగ.

వచ్చే పాఠంలోపు ఈ పరీక్షలన్నీ చేసి, ఏ వేగంలో ఎలాంటి చప్పుడు వచ్చిందో, కేబుల్ వదిలాక ఏమైందో, తీగ మీద తుప్పూ మెరుపూ ఏ కొన నుంచి ఎన్ని జానల దూరంలో ఉన్నాయో కాగితం మీద రాసి పెట్టుకోండి. కేబుల్ బయటి గొట్టం ఎక్కడెక్కడ వంచి బిగించాలో ఆ కొలతలతోనే మొదలుపెడదాం.