కెల్టిక్ గాథల్లో షమాన్ జాడలను పరిశీలించే పద్ధతి

ఐర్లాండ్, వేల్స్, స్కాట్లాండ్ గాథలు చదువుతున్నప్పుడు ఎద్దు తోలు కప్పుకున్న ద్రూయిడ్ (క్రైస్తవానికి ముందటి కెల్టిక్ పూజారి), మాంసం నమిలి నిద్రలో భవిష్యత్తు చూసే కవి, ఈకలు మొలిచి చెట్లపై బతికే రాజు ఎదురవుతారు. వీటన్నిటినీ కలిపి షమానిజం అనేయాలనిపించడం సహజమే. అయితే ఆ పేరు పెట్టే ముందు ఒక్కొక్క గాథను విడిగా తీసుకొని, దానిలో చెప్పింది ఆచారమా, కథా కల్పనా అని తేల్చుకోవాలి.

మొదట మాటకు హద్దు గీసుకోండి. షమాన్ అనేది సైబీరియాలోని ఎవెంకీ వంటి తుంగూసిక్ జాతుల భాషల నుంచి రష్యన్ ద్వారా ఐరోపాకు చేరిన పదం. ప్రాచీన ఐరిష్ గ్రంథాల్లో ద్రూయిడ్లు, ఫిలి అనే పండిత కవులు, జోస్యులు కనిపిస్తారు తప్ప షమాన్ అనే మాట కనిపించదు. 1951లో మతాల చరిత్రకారుడు మిర్చా ఎలియాడే చేసిన ప్రసిద్ధ నిర్వచనం ప్రకారం, కావాలని తెచ్చుకున్న పరవశ స్థితిలో తన ఆత్మను పైలోకాలకో పాతాళానికో పంపగలవాడే షమాన్. అంటే ఆయన దృష్టిలో ప్రధానమైనది మనిషిలోకి మరో శక్తి వచ్చే పూనకం కాదు, మనిషి ఆత్మే బయటికి వెళ్లే ప్రయాణం. ఈ నిర్వచనాన్ని ఒప్పుకోనివారూ ఉన్నారు కాబట్టి మీరు ఏ అర్థంలో ఆ పదాన్ని వాడుతున్నారో ముందే రాసిపెట్టుకోండి. లేకపోతే మధ్యలో అర్థం సాగిపోయి, కలగన్న ప్రతివాడూ షమాన్ అయిపోతాడు.

తరువాత ఆ పాఠాన్ని ఎవరు, ఎప్పుడు రాశారో చూడాలి. ఐరిష్ గాథలను గ్రంథస్థం చేసినవారు క్రైస్తవులు, ఎక్కువగా మఠాల్లోని లేఖకులు. తాము వదిలేసిన పాత మతం గురించి వారు రాసినదానిలో జ్ఞాపకం ఎంత, ఊహ ఎంత అన్నది ప్రతి చోటా వేరుగా తూచాలి.

దీనికి మంచి అభ్యాసం కోర్మాక్ నిఘంటువులోని ఒక పదవివరణ. 908లో మరణించిన రాజు, బిషప్ కోర్మాక్ పేరు మీద ఉన్న ఈ గ్రంథం ఇంబస్ ఫొరొస్నై అనే విధానాన్ని ఇలా వర్ణిస్తుంది: కవి పంది, కుక్క లేదా పిల్లి పచ్చిమాంసం ముక్కను నమిలి తలుపు వెనుక బండ మీద పెడతాడు, దాని మీద మంత్రం చదివి దేవతలకు అర్పిస్తాడు, తన రెండు అరచేతుల మీదా మంత్రం పఠించి, ఆ చేతులను రెండు బుగ్గలకు ఆనించుకొని నిద్రపోతాడు, నిద్రకు భంగం కలగకుండా ఇతరులు కాపలా ఉంటారు. తెలుసుకోవలసిన సంగతి ఆ నిద్రలో తెలుస్తుంది. చివరగా, ఐర్లాండ్‌లో క్రైస్తవాన్ని ప్రచారం చేసిన సెయింట్ పాట్రిక్ దీన్ని నిషేధించాడనీ ఆ గ్రంథమే చెబుతుంది.

ఇక్కడ రెండు విషయాలు పట్టుకోవాలి. పాట్రిక్ ఐదో శతాబ్దం వాడు. కాబట్టి నిఘంటుకర్త తన లెక్కలోనే నాలుగు వందల ఏళ్ల కింద ఆగిపోయిన ఆచారాన్ని వర్ణిస్తున్నాడు. రెండోది ఇంకా ఆసక్తికరం. ఐరిష్‌లో బస్ అంటే అరచేయి. తల చుట్టూ అరచేతులు ఉండటం వల్లే ఇంబస్ అనే పేరు వచ్చిందని అతను వివరిస్తాడు. భాషావేత్తలు మాత్రం ఆ పదాన్ని జ్ఞానం అనే అర్థమున్న ధాతువుకు ముడిపెడతారు. అంటే బుగ్గల మీద చేతుల వర్ణన ఆచారం నుంచి కాక, పేరుకు చెప్పిన తప్పు వ్యుత్పత్తి నుంచే పుట్టి ఉండవచ్చు. నా మటుకు, ఈ పదవివరణలో అన్నిటికంటే కళ్లకు కట్టే ఆ వివరాన్నే ఎక్కువగా అనుమానిస్తాను.

ఇక పోలికలు వెతకండి, కానీ కలిపేయకండి. దా దెర్గా సత్రం నాశనమైన ఐరిష్ గాథలో రాజును ఎన్నుకోవడానికి ఎద్దును చంపుతారు. ఒకడు ఆ మాంసం కడుపునిండా తిని, పులుసు తాగి పడుకుంటే, అతనిపై సత్యమంత్రం చదువుతారు. కలలో కనిపించినవాడే ఐర్లాండ్ రాజపీఠమైన తారాకు రాజు. స్కాట్లాండ్ పశ్చిమ దీవుల గురించి 1703లో మార్టిన్ మార్టిన్ ప్రచురించిన వర్ణనలో తాగరిమ్ అనే జోస్య విధానం ఉంది. అందులో మనిషిని ఆవు తోలులో చుట్టి, తల మాత్రం బయటికి ఉంచి, రాత్రంతా ఒంటరిగా వదిలేస్తారు. మొదటిదానిలో మాంసం తినడం, రెండోదానిలో తోలు కప్పుకోవడం ముఖ్యం. ఒకదాని ఖాళీని రెండోదానితో పూరిస్తే తయారయ్యే మూడో ఆచారం ఎక్కడా జరిగినట్టు ఆధారం ఉండదు.

సమకాలీన కథనం దొరికితే దానికి ఎక్కువ విలువ ఇవ్వండి. పన్నెండో శతాబ్దం చివర వేల్స్‌కు చెందిన మతాచార్యుడు గెరాల్డ్, తన కాలంలోనే ఉన్న అవెనద్యోన్ అనే జోస్యుల గురించి రాశాడు. ఎవరైనా ప్రశ్న అడిగితే వారు గట్టిగా అరుస్తూ ఒళ్లు మరిచిపోతారు. పొంతన లేనట్టుండే మాటల్లోంచి జవాబును ఏరుకోవాలి. గాఢనిద్ర నుంచి లేపినట్టు బలవంతంగా కుదిపితే తప్ప మామూలు స్థితికి రారు, వచ్చాక తాము అన్నదేమీ గుర్తుండదు. పెదవుల మీద తీపి పాలో తేనో పోసినట్టు కల రావడంతో కొందరికి ఈ శక్తి అబ్బుతుందట. ఎలియాడే కొలతతో చూస్తే ఇది ఆత్మయాత్ర కంటే పూనకానికే దగ్గర. అయినా పరవశస్థితికి ఇంత స్పష్టమైన వర్ణన గాథల్లో దొరకదు.

రూపాంతరాల విషయంలో తొందరపడవద్దు. వేల్స్ గాథలో మంత్రగత్తె కెరిద్వెన్ తరుముతుంటే ఆమె సేవకుడు గ్వియోన్ కుందేలుగా, చేపగా, పక్షిగా, గింజగా మారడం చక్కని కథ. దాని వెనుక ఒక ఆచారం ఉందనడానికి ఆ కథ ఒక్కటే చాలదు. మొదట చెప్పిన ఈకల రాజు సువ్నె పిచ్చివాడై అడవుల్లో తిరగడం సెయింట్ రోనాన్ శాపఫలం, అతను కోరి చేసిన సాధన కాదు. ఐరిష్ గాథలోని మోగ్ రూత్ అనే గుడ్డి ద్రూయిడ్ సంగతి వేరు. యుద్ధవేళ కొమ్ములు లేని ఎద్దు తోలు, మచ్చల పక్షి ఈకల వేషం తెప్పించుకొని అతను గాలిలోకి లేస్తాడు. వృత్తి, వేషం, ప్రయోజనం మూడూ ఒకచోట కలిసిన ఇలాంటి ఘట్టానికి గుర్తు పెట్టుకోండి.

బొమ్మల మీద తక్కువ ఆధారపడండి. 1891లో డెన్మార్క్‌లోని గుండెస్ట్రుప్ దగ్గర దొరికిన వెండి పాత్రపై దుప్పికొమ్ములతో కూర్చున్న రూపం దేవుడో, వేషధారో లోహం చెప్పదు.

జానపద కథనాల్లో మనిషినీ పుకారునూ వేరుచేసి రాసుకోవాలి. ఐర్లాండ్‌లోని క్లేర్ కౌంటీలో వైద్యం, జోస్యం చెప్పి 1874లో చనిపోయిన బిడ్డీ ఎర్లీ నిజంగా బతికిన స్త్రీ. భవిష్యత్తు చూపించే నీలి సీసా, చివరికి దాన్ని పూజారి చెరువులో పారేయడం ఆమె గురించి జనం చెప్పుకున్నవి.