పాత మిద్దెలో బిందె బయటపడితే: కలెక్టరుకు నోటీసు ఇచ్చే విధానం

పత్తికొండ, గుత్తి, జమ్మలమడుగు వైపు పాత మట్టి మిద్దెలు పడగొట్టి స్లాబు ఇళ్లు కడుతుంటే గోడ గూటిలోనో, పునాది కిందో, పూడిపోయిన పాతరలోనో కుండో బిందో బయటపడటం వింతేమీ కాదు. చిక్కంతా తర్వాత మొదలవుతుంది. బేల్దారి ఒకటి చెప్తాడు, ఇంటాయన ఇంకోటి చెప్తాడు, పొద్దుగూకేలోపు ఊరంతా పాకుతుంది. రాత్రికి ఎవడో ఒకడు వచ్చి "ఏం కాదులే అన్నా, కరిగిస్తే ఆనవాలుండదు, నాకు తెలిసిన షాపుంది" అంటాడు. ఆ తర్వాత పోలీసులొస్తారు. అప్పటికి ఎవరి చేతిలోనూ ఒక్క కాగితం ముక్క ఉండదు. ఇక్కడ రాసేది ఆ కాగితం గురించే.

ముందు దొరికిందేమిటో దూరం నుంచి చూసి తేల్చుకోండి. సుతిలి తాడు గట్టిగా చుట్టిన ఉండలు, బకెట్లోనో ప్లాస్టిక్ డబ్బాలోనో రంపపు పొట్టులో పెట్టిన మూటలు కనబడితే అది నిధి కాదు, నాటు బాంబులు. మన జిల్లాల్లో ఈ మాట ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. పార అక్కడే వదిలేసి అందరినీ దూరంగా పంపి 112కు ఫోన్ చేయాలి. నీళ్లు పోయడం, పక్కకు జరపడం లాంటివి చేయొద్దు. పాతబడిన మందు ఒరిపిడికే పేలుతుంది. ఎముకలు, తుపాకీ దొరికినా 112కే చెప్పాలి. కొత్త నగలు పాలిథీన్ కవర్లోనో, ఈమధ్య తేదీలున్న పేపర్లోనో చుట్టి ఉంటే అది దొంగసొత్తు అయ్యుండొచ్చు. దాన్ని తెలిసీ దగ్గర పెట్టుకున్నా, కొన్నా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద నేరం. దానికి దారి పోలీస్ స్టేషనే. తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వానలకు తేలే వజ్రాల సంగతి వేరు, దాన్ని ఇందులో కలపడం లేదు.

ఇవేవీ కాక పాత నాణేలు, పాత నగలు, రాగి రేకులు, విగ్రహాల వంటివైతే 1878 నాటి భారత నిధి నిక్షేపాల చట్టం వర్తిస్తుంది. నేలలో గానీ, నేలకు అంటి ఉన్న కట్టడంలో గానీ దాచిన విలువైన వస్తువు ఏదైనా నిధే. అంటే గోడ గూడు, దూలం సందు కూడా లెక్కలోకి వస్తాయి. విలువ 10 రూపాయలు దాటితే చాలు, దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఆ 10 రూపాయలు 1878 నాటివి, ఇప్పటికీ అంతే ఉన్నాయి.

"మా దస్తావేజులో నిధి నిక్షేప అష్టభోగాలతో సహా అని రాసుంది, ఇంక చెప్పేదేముంది" అనే ఇంటి యజమానులు ఎక్కువ. ఆ వాక్యం అమ్మినవాడికీ కొన్నవాడికీ మధ్య చెల్లుతుంది గానీ కలెక్టరుకు చెప్పాల్సిన బాధ్యతను తీసేయదు. పైగా చెప్పాల్సినవాడు ఇంటి యజమాని కాదు, దొరికినవాడు. గడ్డపార ఎవరి చేతిలో ఉందో ఆ కూలీ.

చెప్పాలా వద్దా అన్న ఊగిసలాట కూలీకే ఎక్కువ ఉంటుంది. ఇల్లు తనది కాదు, రేపు పని పోతుందేమోనని భయం. లెక్క ఇలా చూడండి. చెప్పకపోతే సెక్షన్ 20 కింద దొరికినవాడి వాటా ప్రభుత్వానికి పోతుంది, ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. దాచడానికి సహకరించిన యజమానికి సెక్షన్ 21 కింద వాటా పోయి, ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చెప్పి, అది ఎవరిదీ కాదని తేలి, ఇద్దరి మధ్యా ముందస్తు ఒప్పందం లేకపోతే నాలుగింట మూడు వంతులు దొరికినవాడికి, ఒక వంతు స్థలం యజమానికి. ఈ నిష్పత్తి చాలామంది కూలీలకు తెలియదు. యజమానుల్లో కొందరికి బాగా తెలుసు. అందుకే బిందె బయటపడిన రాత్రే ఐదు వేలో పది వేలో చేతిలో పెట్టి "నాకే హక్కూ లేదు" అని సంతకం తీసుకుంటారు. ఒప్పందం ఉంటే పంపకం దాని ప్రకారమే చేయాలని అదే చట్టం చెబుతుంది. కాబట్టి ఆ రాత్రి ఏ కాగితం మీదా సంతకం చేయొద్దు. తెల్లకాగితం మీద వేలిముద్ర అసలే వద్దు.

ఇక నోటీసు. దీనికి అచ్చు ఫారం లేదు, చట్టంలో ఫీజూ లేదు. తెల్లకాగితం మీద మూడు విషయాలు ఉండాలి: ఏమి దొరికింది, ఎంత ఉంది లేదా సుమారు విలువెంత అన్నది ఒకటి, ఎక్కడ అన్నది రెండు, ఏ తేదీన అన్నది మూడు. ఇంత సులువైన కాగితంలోనే జనం దెబ్బతింటున్నారు, ముఖ్యంగా మొదటి విషయంలో.

"బంగారు నాణేలు దొరికాయి" అని రాయకండి. బంగారమో ఇత్తడో మీరు తేల్చలేరు. రేపు పరీక్షలో ఇత్తడని తేలితే, మంచివి మార్చేశారన్న అనుమానం మీ మెడకే చుట్టుకుంటుంది. పోలీసులు పంచనామాలో రాసినట్టు "పసుపు రంగు లోహపు బిళ్లలు" అని రాయండి. సంఖ్య తప్పకుండా ఉండాలి. బరువు కిరాణా కొట్టు తూకంతో చూసినా చాలు, పక్కన "సుమారు" అని పెట్టాలి. తూకం కోసం నగల షాపుకు తీసుకెళితే వార్త మీకంటే ముందు ఊరు చేరుతుంది. కంపెనీ కాలం నుంచి నడిచిన వెండి రూపాయి ఒక తులం, అంటే 11.66 గ్రాములు, విజయనగర వరహా సుమారు 3.4 గ్రాములు. లెక్కపెట్టిన సంఖ్యకూ తూకానికీ పొంతన ఉందో లేదో వీటితో సరిచూసుకోవచ్చు.

చింతపండు పెట్టి తోమొద్దు, గీటురాయి మీద గీయించొద్దు. కుండ పగిలినా పెంకులతో సహా ఉంచండి. నాణేలు ఉన్నచోటే, పక్కన స్కేలో అగ్గిపెట్టో పెట్టి ఫోటో తీయండి. తర్వాత ఇద్దరు సాక్షుల ఎదుట లెక్కపెట్టాలి. ఆ ఇద్దరూ యజమాని బంధువులే కాకుండా చూసుకోవాలి.

రాయడానికి ఇలా ఉంటే చాలు:

"జిల్లా కలెక్టరు గారికి. విషయం: భారత నిధి నిక్షేపాల చట్టం 1878, సెక్షన్ 4 కింద నోటీసు. నేను ఫలానా, తండ్రి పేరు ఫలానా, బేల్దారి కూలీ, ఊరు, మండలం, ఫోన్ నంబరు. ఫలానా తేదీ ఉదయం సుమారు 10 గంటలకు, ఫలానా ఊరిలో ఫలానా డోరు నంబరు గల, ఫలానా వారి స్వాధీనంలోని ఇంట్లో తూర్పు గోడ పునాది తీస్తుండగా సుమారు 3 అడుగుల లోతున మట్టికుండ ఒకటి నాకు కనబడింది. అందులో పసుపు రంగు లోహపు బిళ్లలు 42, బరువు సుమారు 143 గ్రాములు. తెల్లని లోహపు నాణేలు 18, బరువు సుమారు 210 గ్రాములు ఉన్నాయి. పసుపు లోహం బంగారమే అయితే నేటి ధర ప్రకారం సుమారు విలువ ఇంత. వీటిని మీరు చెప్పిన ఖజానాలో జమ చేయడానికి, లేదా మీరు కోరిన జామీను ఇవ్వడానికి సిద్ధం. దొరికినవాడిగా నా హక్కును వదులుకోవడం లేదు."

చివరి వాక్యాన్ని చట్టం అడగదు. అయినా రాయండి. నలుగురు కలిసి తవ్వుతుంటే దొరికితే నలుగురి పేర్లూ, గడ్డపార పట్టిందెవరో, మట్టి ఎత్తిందెవరో కూడా రాయాలి. ఎవరికి, ఎలా దొరికిందో తేల్చేది కలెక్టరు, మేస్త్రీ కాదు. మేస్త్రీ ఒక్కడే తన పేరున నోటీసు ఇచ్చేస్తే మిగతావాళ్లు తమ కాగితం వేరుగా ఇవ్వాలి. చదువు రానివారు వేలిముద్ర వేస్తే, చదివి వినిపించినవారి పేరు, సంతకం కింద ఉండాలి.

తేదీ ఉన్నదున్నట్టే రాయండి. వీలైనంత త్వరగా తెలపాలని చట్టం అంటుంది, ఇన్ని గంటల్లో అని గడువు పెట్టలేదు. నాలుగు రోజులు ఆలస్యమైతే ఎందుకైందో ఒక వాక్యం చేర్చండి. దొరికింది నిన్ననే అని తేదీ మార్చితే, ఊళ్లో ఎవరి ఫోన్లోనో ఉన్న వీడియో దాన్ని అబద్ధమని తేలుస్తుంది.

ఎక్కడ ఇవ్వాలన్నది ఇంకో తిరకాసు. 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లాలు మారాయి. ఆళ్లగడ్డ, బనగానపల్లె, ఆత్మకూరు ఇళ్ల సంగతి కర్నూలు కలెక్టరేటుకు తెస్తే వెనక్కి పంపుతారు, అవి నంద్యాల జిల్లా. హిందూపురం, కదిరి, ధర్మవరం వాళ్లు అనంతపురం కాదు, పుట్టపర్తి వెళ్లాలి. లెక్కలోకి వచ్చేది ఇల్లున్న జిల్లా, కూలీ సొంత ఊరున్న జిల్లా కాదు.

సచివాలయంలో వీఆర్వోకు నోటితో చెప్పి "చెప్పేశాం కదా" అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అది నోటీసు కాదు. కలెక్టరేటులో కాగితాలు తీసుకునే ఇన్‌వర్డ్ సెక్షన్‌కు రెండు కాపీలు పట్టుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చినా రసీదు వస్తుంది గానీ, అది ఫిర్యాదుల వరసలో పడి తహసీల్దారుకు, అక్కడి నుంచి మళ్లీ వీఆర్వోకు తిరగొచ్చు. విషయం దగ్గర సెక్షన్ 4 అని పెద్దగా రాసి ఉంటే ఆ తిరుగుడు కొంత తగ్గుతుంది. వెళ్లలేకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. తహసీల్దారుకు ఒక కాపీ ఇస్తే మంచిది. కలెక్టరేటు గేటు దగ్గర "ఫైలు కదలాలంటే ఇంతవుతుంది" అనేవాళ్లతో ఈ నోటీసుకు పనిలేదు.

వస్తువుల్ని దగ్గర్లోని ప్రభుత్వ ఖజానాలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు చూపిస్తానని కలెక్టరు కోరిన జామీను ఇవ్వాలి. ఇల్లు కూలీది కాదు, పూచీ ఇచ్చేవాళ్లూ దొరకరు కాబట్టి జమ చేయడమే క్షేమం. సబ్ ట్రెజరీ రసీదులో సంఖ్య, బరువు మీ నోటీసులోలాగే ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ముందే పోలీసులు తీసుకెళ్లి ఉంటే పంచనామా కాపీ అడగండి. జప్తును వీడియో తీయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 105 చెబుతోంది, కాబట్టి వీడియో ఉందా అని అడగడం తప్పు కాదు. పోలీసుల దగ్గరున్నా కలెక్టరుకు నోటీసు ఇవ్వడం మాత్రం మానొద్దు. ఏ స్టేషన్లో ఉన్నాయో అందులో రాస్తే సరి.

ఇక్కడి దాకా వచ్చినవాళ్లు కూడా తర్వాతి మెట్టు దగ్గర జారుతున్నారు. కలెక్టరు విచారించి ఒక ప్రకటన వేస్తారు: ఈ నిధి మీద హక్కు ఉందనేవారు ఫలానా రోజు హాజరు కావాలని. ఆ రోజు ప్రకటన తేదీ నుంచి నాలుగు నెలలకు ముందు ఉండదు, ఆరు నెలలు దాటదు. స్థలం వేరొకరి స్వాధీనంలో ఉంటే ఆయనకు విడిగా నోటీసు వెళ్తుంది. హక్కు ఉండీ ఆ రోజు రాకపోతే సెక్షన్ 6 ప్రకారం ఆ హక్కు పోయినట్టే. ఆదోని, కోసిగి, మంత్రాలయం కూలీలు ఆ నెలల్లో మిరపకోతలకు గుంటూరులోనో, కట్టడం పనికి బెంగళూరులోనో ఉంటారు. యజమాని మాత్రం ఊళ్లోనే ఉంటాడు. అందుకే నోటీసులో పనిచేసే ఫోన్ నంబరుతో పాటు, ఊళ్లోనే ఉండే ఒకరి చిరునామా ఇవ్వాలి. ఇన్‌వర్డ్ నంబరుతో సెక్షన్లో నెలకోసారి అడగాలి. రాలేకపోతే ప్రతినిధిని పంపొచ్చు. వలసపోయే ముందే, నమ్మకమైన మనిషికి ఈ ఒక్క పనికే పరిమితమైన అధికార పత్రం రాసివ్వండి. వాటా తీసుకునే అధికారం అందులో కలపొద్దు.

ఆ రోజు ఎవరైనా "మా తాత దాచిందిది" అని వస్తే వందేళ్ల లెక్క మొదలవుతుంది. దొరికిన తేదీకి ముందు వందేళ్లలోపు దాచిందని, దాచినవాడో వాడి వారసుడో హాజరయ్యాడని కలెక్టరుకు తోస్తే, సివిల్ కోర్టులో దావా వేసుకోవడానికి విచారణ వాయిదా వేస్తారు. ఇక్కడ తూగేది కుండలోని అన్నిటికంటే కొత్త నాణెం. 1840, 1862 రూపాయల మధ్య 1940 నాటి రూపాయి ఒక్కటున్నా, దాచింది 1940 తర్వాతే. అందుకే "ఇది కొత్తది, విలువ లేదు" అని ఒక్క నాణేన్నీ పక్కన పెట్టొద్దు, మంచివి ఏరుకోవద్దు. తాతదే అనిపించే ఇంటివాళ్లు వారసత్వ కాగితాలు, పాత భాగపరిష్కార పత్రాలు ముందే వెతికిపెట్టుకోవాలి. దాయాదులు కూడా వస్తారు.

ఎవరిదీ కాదని తేలాక, పంచే ముందు ప్రభుత్వమే తీసుకోవచ్చు. అప్పుడు లోహం విలువ, దానిపై ఐదో వంతు కలిపి చెల్లించాలి. లోహం విలువ 10 లక్షలైతే 12 లక్షలు. ఒప్పందం లేకపోతే దొరికినవాడికి 9, స్థలం యజమానికి 3. నాణేనికి పాతకాలపు విలువ ఎంతున్నా ఈ లెక్కలో కట్టరు. ఈ నిర్ణయాన్ని సివిల్ కోర్టులో ప్రశ్నించే వీలు లేదు. నిధి ఎవరిదీ కాదన్న ప్రకటన మీద మాత్రం రెండు నెలల్లో పై రెవెన్యూ అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఆ రెండు నెలలు ఉత్తర్వు తేదీ నుంచి నడుస్తాయి, మీ చేతికి అందిన రోజు నుంచి కాదు. కాబట్టి నకలు కోసం విచారణ రోజునే అర్జీ పెట్టి, దానికీ రసీదు తీసుకోండి.