ఊరిని చదువుదాం – 3వ పాఠం: ఇటుక గోడ ముందు పది నిమిషాలు

పోయిన పాఠంలో తలెత్తి పై అంతస్తు కిటికీలు చూడమన్నాను. కింద షాపు ఎన్నిసార్లు మారినా పైన పెద్దగా ఎవరూ ముట్టుకోరు కాబట్టి అక్కడ మొదలుపెట్టాం. ఈసారి గోడ దగ్గరికి వద్దాం.

ఫిలడెల్ఫియా వెళ్లే మనవాళ్లు లిబర్టీ బెల్ ముందు ఫొటో దిగి కారెక్కేస్తారు. అక్కణ్నుంచి నడిచి వెళ్లే దూరంలోనే ఎల్‌ఫ్రెత్స్ ఆలీ అనే సన్నటి వీధి ఉంది. 1700ల తొలి భాగం నుంచి 1830ల దాకా కట్టిన 32 ఇళ్లు. జనం ఇంకా కాపురం ఉంటున్నారు, కాబట్టి కిటికీల్లోంచి తొంగి చూడొద్దు. గోడను మాత్రం ఎంతసేపైనా చూడొచ్చు.

ఒకే వరసలో ఒక ఇటుక పొడవుగా, పక్కది తల (పొట్టి వైపు) మాత్రమే కనబడేలా, మళ్లీ పొడవుగా పేర్చి ఉంటే దాన్ని ఫ్లెమిష్ బాండ్ అంటారు. కొన్ని ఇళ్లకు ఆ తలలు నల్లగా మెరుస్తుంటాయి. బట్టీలో మంటకు దగ్గరగా ఉండి మాడిన ఇటుకలవి. పారెయ్యకుండా వాటితోనే డిజైన్ చేశారు. ఇక ఇటుకను అడ్డంగా పెట్టడం దేనికంటారా? మన మేస్త్రీ 9 అంగుళాల గోడకు పెట్టేది దేనికో అందుకే: లోపలి పొర, బయటి పొర విడిపోకుండా.

అదే ఊళ్లో ఇంకో వీధికి వెళ్తే అయిదారు వరసలు పొడవుగా, ఆ పైన ఒక వరస మొత్తం తలలు కనిపించొచ్చు. అది కామన్ బాండ్. తలలే లేకపోతే లోపల చెక్క ఫ్రేము, బయట ఒంటి వరస ఇటుక అయ్యుండొచ్చు. తొందరపడకండి. 1800ల చివర్లో వీధివైపు గోడకు నున్నటి ఇటుకను పొడవుగానే పేర్చి, లోపల కనబడకుండా ముడివేసేవారు. పక్క గోడ కూడా చూశాకే తేల్చండి.

గోడ మీద నక్షత్రం ఆకారంలో ఇనప బిళ్లలు కనిపిస్తే అలంకారం అనుకోకండి (నేను చాలాకాలం అలాగే అనుకున్నాను). వాటి వెనక ఇనప కడ్డీ లోపలి దూలాల దాకా వెళ్లి, గోడ బయటికి ఒరగకుండా పట్టుకుంటుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి పాత ఇళ్ల మీది ఫైర్ మార్కులు, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ బిళ్లలు. ఒకదాని మణికట్టు ఒకటి పట్టుకున్న నాలుగు చేతులుంటే, 1752లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ వగైరాలు పెట్టిన కంపెనీది. ఇంటి ముందు చెట్టుంటే మంటలార్పడానికి అడ్డమని, అలాంటి ఇళ్లకు ఆ కంపెనీ ఇన్సూరెన్స్ ఇవ్వనంది. చెట్లు కొట్టడం ఇష్టంలేనివాళ్లు 1784లో వేరే కంపెనీ పెట్టుకున్నారు. దాని గుర్తేంటో తెలుసా? పచ్చని చెట్టు!

ఈ వారం పని: మీకు దగ్గర్లోని పాత ఇటుక గోడ ఒకదాన్ని చూసి, తలల వరసల మధ్య ఎన్ని వరసలున్నాయో లెక్కపెట్టండి. సబర్బ్‌లో కొత్త ఇళ్ల మధ్య ఉంటే, ఇటుక గోడ అడుగు వరసలో అక్కడక్కడా సిమెంటు లేని సన్నటి నిలువు సందులు వెతకండి. మా ఇంటికి అవి ఉన్నాయని నేను మూడేళ్లకు గమనించాను. మేస్త్రీ మర్చిపోయాడనుకుని పూడ్చేయబోయాను కూడా. ఇటుక వెనక చేరిన నీళ్లు బయటికి పోయే దారి అదేనట.