స్టాక్ కారు రేసు ఎట్ట చూడాలి: ఆటోనగర్ టింకరింగ్ మేస్త్రీ మాట

నెల్లూరు ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్ళుగా టింకరింగ్ చేస్తున్నా. హైవే మీద దెబ్బతిన్న కారు షాపు ముందు దిగితే ఓనరు బంపరు చూపిస్తాడు, నేను మాత్రం స్టీరింగు చూస్తా. అది వంగి ఉంటే మనిషి ఛాతీ తగిలినట్టు. ముందద్దం సాలెగూడులా పగిలి ఉంటే తల తగిలినట్టు. రేటు మాట్లాడే ముందు "లోపలున్నోళ్ళు ఎట్ట ఉన్నారు?" అని అడగకుండా ఉండలేను.

ఆ కంటితోనే అమెరికా స్టాక్ కారు రేసులు చూడటం నేర్చుకున్నా. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళు మొదలుపెడితే మనకి ఆదివారం రాత్రి పన్నెండున్నర, ఒంటిగంట అవుతుంది. షాపులో పిలకాయలు "ఏముంది మేస్త్రీ అందులో, గుండ్రంగా తిరగడమేగా" అంటారు. ఇంకొందరు రేసు ముఖం చూడరు, గుద్దుకున్న క్లిప్పులు మాత్రం వాట్సాప్‌లో పంపిస్తారు. ఈ రెండు రకాల వాళ్ళ కోసమే రాస్తున్నా.

మొదటి రేసుకి డేటోనా పెట్టుకోవద్దు. అది నాలుగు కిలోమీటర్ల ట్రాక్. మలుపుల్లో రోడ్డు 31 డిగ్రీలు వాలి ఉంటుంది. నలభై కార్లు ఒకదాన్నొకటి ఆనుకుని పోతుంటే కొత్తవాళ్ళకి ఎవరేం చేస్తున్నారో అంతుపట్టదు. వర్జీనియాలోని మార్టిన్స్‌విల్‌తో మొదలుపెట్టండి. చుట్టు మొత్తం 850 మీటర్లకి లోపే. ప్రతి మలుపు దగ్గరా గట్టిగా బ్రేకు తొక్కాల్సిందే. చక్రాల లోపల బ్రేకు డిస్కులు కొలిమిలో ఇనుములా ఎర్రబడటం కనిపిస్తుంది. మన కోయంబత్తూరు నరేన్ కార్తికేయన్ 2010లో నాస్‌కార్ (అమెరికాలో ఈ స్టాక్ కారు రేసులు నడిపే సంస్థ) ట్రక్కుల సిరీస్‌లో మొదటి రేసు చేసింది ఈ ట్రాక్‌లోనే, 13వ స్థానంలో వచ్చాడు. నాస్‌కార్‌లో దిగిన మొదటి భారతీయుడు ఆయనే. అప్పటికే ఫార్ములా వన్ నడిపిన మనిషి.

రేసు మొదలయ్యే ముందు ఓ పావుగంట కార్లని చూపిస్తారు. ఆ పావుగంట వదులుకోవద్దు. స్టాక్ అంటే షోరూములో అమ్మే కారు అని అర్థం. 1948లో బిల్ ఫ్రాన్స్ నాస్‌కార్ పెట్టిన రోజుల్లో నిజంగా అట్టాంటి కార్లే పరిగెత్తేవి. డేటోనాలో 1958 దాకా సగం ట్రాక్ సముద్రపు ఇసకే, మన మైపాడు బీచ్ మీద రేసు పెట్టినట్టు. ఇప్పుడు కారు పేరు, పైరూపం మాత్రమే షోరూమువి. లోపలంతా గొట్టాలతో అల్లిన పంజరం. తెరిచే డోరు ఉండదు, డ్రైవరు కిటికీలోంచి దూరాలి. ఆ కిటికీకి ఒక వల కట్టి ఉంటుంది. దాన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

వెనక పెట్రోలు ట్యాంకు ఉంటుంది, కానీ అది మనం అనుకునే రేకు డబ్బా కాదు. లోహపు పెట్టెలో రబ్బరు తిత్తి, దాని నిండా స్పాంజి. 1964 మేలో షార్లెట్ ట్రాక్‌లో ఫైర్‌బాల్ రాబర్ట్స్ కారు తిరగబడి అంటుకుంది. ఆయన ఆ కాలిన గాయాలతోనే జూలైలో పోయాడు. రబ్బరు తిత్తి, నిప్పంటుకోని బట్టలు ఆ తర్వాతే గట్టిగా అమల్లోకి వచ్చాయి.

అన్నిటికన్నా ముఖ్యంగా చూడాల్సింది డ్రైవరు మెడ. భుజాల మీద గుర్రపు నాడా ఆకారంలో ఒక గట్టి పట్టీ, దాన్నుంచి హెల్మెట్‌కి రెండు పక్కలా తాళ్ళు ఉంటాయి. దాన్ని హాన్స్ అంటారు. అది ఎందుకు కావాలో మా పిలకాయలకి ఇట్ట చెప్తా. ఇనప కడ్డీల లోడుతో పోయే లారీ గట్టిగా బ్రేకేస్తే ఏమవుతుంది? లారీ ఆగుతుంది, కడ్డీలు ఆగవు, క్యాబిన్ చీల్చుకుని ముందుకొస్తాయి. బెల్టుతో ఒళ్ళు కట్టేసి తల వదిలేస్తే జరిగేదీ అదే. ఒళ్ళు సీటులో ఆగిపోతుంది, హెల్మెట్ బరువుతో సహా తల పోతూనే ఉంటుంది. ఆ లాగుడుకి పుర్రె అడుగు ఎముక విరుగుతుంది. పైకి ఒక్క గీత కూడా ఉండకపోవచ్చు.

అట్టాంటి దెబ్బలకే ఏడాదిలోపు నలుగురు నాస్‌కార్ డ్రైవర్లు పోయారు. 2000 మేలో న్యూ హాంప్‌షైర్‌లో ఆడమ్ పెట్టీ, పందొమ్మిదేళ్ళ పిలగాడు. జూలైలో అదే ట్రాక్‌లో కెన్నీ ఇర్విన్. అక్టోబరులో టెక్సస్‌లో టోనీ రోపర్. 2001 ఫిబ్రవరి 18న డేటోనా చివరి చుట్టు చివరి మలుపులో, ఏడుసార్లు ఛాంపియన్ అయిన డేల్ ఎర్నార్ట్. ఆయన గోడకి తగిలిన వీడియో చూస్తే అందులో మనిషి పోయాడంటే నమ్మబుద్ధి కాదు. అంతకన్నా ఘోరంగా నుజ్జయిన కార్లలోంచి నడిచొచ్చినవాళ్ళు ఎంతోమంది. బాధేందంటే, హాన్స్ 1980ల నుంచీ ఉంది. రాబర్ట్ హబ్బర్డ్ అనే ప్రొఫెసరు, రేసులు నడిపే తన బావమరిది జిమ్ డౌనింగ్‌తో కలిసి చేశాడు. అది అడ్డంగా ఉంటుందని చాలామంది వేసుకోలేదు, ఎర్నార్ట్ కూడా వద్దన్నాడు. 2001 అక్టోబరులో ఇంకో కుర్రాడు పోయాక గానీ నాస్‌కార్ మెడ పట్టీని తప్పనిసరి చెయ్యలేదు. అప్పటినుంచి ఇంతవరకు నాస్‌కార్‌లో అన్నిటికన్నా పెద్దదైన కప్ సిరీస్ రేసులో ఒక్క డ్రైవరూ చనిపోలేదు. హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకుని బండి నడిపేవాళ్ళని చూసినప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది.

ఇక రేసు. ముందు పోయేవాణ్ణి మాత్రమే చూస్తే అరగంటలో నిద్రొస్తుంది. మధ్యలో ఒక కారుని పట్టుకుని దాన్నే వెంబడించండి. బయటి గోడకీ కారుకీ మధ్య సందు చూడండి. మంచి డ్రైవరు ప్రతి చుట్టులోనూ అదే సందు, జానెడో బెత్తెడో, వదులుతుంటాడు. వెనక చక్రాలు జారి తోక బయటికి పోతుంటే 'లూజు' అంటారు. స్టీరింగు తిప్పినా ముక్కు తిరక్కపోతే 'టైటు'. లోపలి కెమెరాలో డ్రైవరు చేతులు చూపించినప్పుడు ఈ రెండిట్లో ఏదో పట్టుకోండి. తిన్నగా పోతున్నట్టు కనిపించే చోట కూడా చేతులు ఊరికే ఉండవు.

పిట్‌లోకి వచ్చినప్పుడు కన్నార్పకండి. అయిదుగురు గోడ దూకుతారు. జాకీతో లేపి నాలుగు టైర్లు మార్చి పెట్రోలు పోసి పంపిస్తారు. ఇదంతా పది సెకన్లు, అటూఇటూగా. మా షాపులో నాలుగు చక్రాలు విప్పడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు కాబట్టి వాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెడతా.

డేటోనా, టల్లడేగా అనే రెండు పెద్ద ట్రాకులకి వచ్చేటప్పటికి ఆట మారిపోతుంది. ముందు కారు గాలిని చీలుస్తుంటే వెనక కారు ఆ నీడలో దూసుకొస్తుంది. 1987లో టల్లడేగాలో బిల్ ఇలియట్, రేసుకి ముందు వేగం కొలిచే క్వాలిఫైయింగ్‌లో, గంటకి 342 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. అదే వారం రేసులో బాబీ ఆలిసన్ కారు టైరు పేలి, గాల్లోకి లేచి జనం ముందున్న కంచెని చీల్చింది. కొంతమంది ప్రేక్షకులకి దెబ్బలు తగిలాయి. ఆ మరుసటి ఏడాది నుంచి ఈ రెండు ట్రాకుల్లో ఇంజనులోకి పోయే గాలిని తగ్గించే పలక పెట్టారు. వేగం తగ్గింది. కానీ అందరి వేగం ఒకటే అవడంతో కార్లు గుంపు కట్టాయి. ఒకడు జారితే ఇరవై కార్లు పోతాయి. ఒక ప్రమాదానికి మందేస్తే ఇంకోటి పుట్టింది. దీనికి తిరుగులేని మందు ఇంకా ఎవరికీ దొరకలేదు.

కార్లు గుద్దుకున్నప్పుడు ఏం చూడాలి? నిప్పురవ్వలు, ఎగిరే రేకులు కాదు. ముందు, అందర్నీ వేగం తగ్గించమనే పసుపు జెండా పడిందా చూడండి. తర్వాత ఆగిన కారు కిటికీ దగ్గర వల. డ్రైవరుకి స్పృహ ఉండి, బాగానే ఉంటే ఆ వలని తనే కిందికి దించుతాడు. 'నేను బాగున్నా' అని చెప్పడమది. అది దిగేదాకా నేను ఊపిరి బిగబట్టి చూస్తా. ఆ తర్వాత కారు తగిలిన గోడని చూడండి. కాంక్రీటు ముందు ఉక్కు గొట్టాలు, వాటి వెనక ఫోమ్ దిమ్మెలు ఉంటాయి. నెబ్రాస్కా యూనివర్సిటీలో డీన్ సికింగ్ బృందం చేసిన ఈ గోడని 2002లో ఇండియానాపొలిస్‌లో మొదట పెట్టారు. 2015లో కైల్ బుష్ డేటోనాలో ఆ గోడ లేని చోట కాంక్రీటుకి తగిలి కాలు విరగ్గొట్టుకున్నాడు.

నా వృత్తికి దగ్గర మాట ఒకటుంది. "పాత అంబాసిడర్ ఇనుము గట్టిది మేస్త్రీ, ఇప్పటి కార్లు తగిలితే నలిగిపోతాయి" అని వారానికొకరన్నా అంటారు. నలగడమే దాని పని. దెబ్బని రేకు తినాలి, మనిషి కాదు. నాస్‌కార్ వాళ్ళకి కూడా ఇది 2022లో మళ్ళీ అనుభవంలోకొచ్చింది. ఆ ఏడాది తెచ్చిన కొత్త కారు వెనక భాగం మరీ గట్టిగా చేశారు. కర్ట్ బుష్ పొకోనోలో వెనక్కి గోడకి తగిలితే కారుకన్నా ఆయన మెదడుకే దెబ్బ ఎక్కువ తగిలింది. ఆయన మళ్ళీ పూర్తికాలం రేసుల్లోకి రాలేకపోయాడు. తర్వాతి ఏడాదికి వెనక భాగం నలిగేటట్టు మార్చారు.

"సరే, కారు చేసే పనికి మనిషిని ఆటగాడంటే ఎట్ట?" అంటారు. మా అమ్మ పుట్టిల్లు దర్శి దగ్గర. తిరనాళ్ళలో ఎడ్ల బండలాగుడు చూస్తూ పెరిగా. లాగేది ఒంగోలు ఎద్దులే. పాలపళ్ళ జత, రెండు పళ్ళ జత, అట్ట సీనియర్స్ దాకా వేర్వేరు పోటీలు. ఇచ్చిన నిమిషాల్లో బండ ఎన్ని అడుగులు లాగిందన్నది లెక్క. చివర తిప్పుకునేటప్పుడు అడుగులు పోకుండా జతని ఒడుపుగా మళ్ళించేవాడే గెలుస్తాడు. అక్కడ "గెలిచింది ఎద్దులేగా, రైతుదేముంది" అన్నవాణ్ణి నేను చూడలేదు.

కారులోపల వేడి 50 డిగ్రీలు దాటుతుంది. డేటోనా రేసు 800 కిలోమీటర్లు, అంటే నెల్లూరు నుంచి హైదరాబాదు పోయి మళ్ళీ ఒంగోలు దాకా వచ్చినంత. మూడు నాలుగు గంటలు ఆ వేడిలో, మందపాటి బట్టల్లో, పక్క కారుకి జానెడు దూరంలో. రెండు మూడు కిలోల నీరు ఒంట్లోంచి పోతుంది. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద వెల్డింగు చేసేవాడికి ఆ బాధ తెలుస్తుంది. మన దేశంలో ఫార్ములా వన్ రాకముందు కేంద్ర క్రీడా శాఖే అది క్రీడకన్నా వినోదమని అంది. 2019కి వచ్చేటప్పటికి ర్యాలీ డ్రైవరు గౌరవ్ గిల్‌కి అర్జున అవార్డు ఇచ్చారు, మోటారు రేసుల్లో మొదటిది. ప్రపంచ మోటారు సమాఖ్యని ఒలింపిక్ కమిటీ 2013లో గుర్తించింది. ఒలింపిక్స్‌లో మాత్రం కారు రేసు లేదు.

కానీ "చావుకి తెగించి ఆడతారు కాబట్టే అది నిజమైన ఆట" అనేవాళ్ళతో నేను కలవను. తెగింపే ఆటయితే మైపాడు రోడ్డులో రాత్రిపూట పందెం కట్టి బైకులు తోలడం కూడా ఆటే. మా షాపులో పనిచేసే కుర్రాడొకడు అట్ట పందెం కట్టి కల్వర్టుకి తగిలాడు. తొడలో రాడ్డు వేశారు, ఇప్పటికీ గొంతుక్కూర్చోలేడు. అక్కడ వల లేదు, నలిగే గోడ లేదు, జెండా పట్టుకున్నవాడు లేడు. ఎదురొచ్చే బండిలో ఎవరి బిడ్డ ఉందో తెలియదు. మీ ఇంట్లో పిలకాయలకి రేసు పిచ్చి ఉంటే తిట్టి ఊరుకోవద్దు, కార్టింగ్ ట్రాక్‌కి తీసుకుపోండి. నిజంగా పోటీ చెయ్యాలనుకుంటే మన దేశ మోటారు క్రీడల సమాఖ్య లైసెన్సు తీసుకోవాలి.

దగ్గర్నుంచి చూడాలంటే మనకి చెన్నై అవతల శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది. అక్కడ స్టాక్ కార్లు ఉండవు గానీ, మనం రోడ్డు మీద చూసే రకం కార్ల రేసులు ఉంటాయి. నెల్లూరులో తెల్లవారుజామున బయల్దేరి సూళ్ళూరుపేటలో టిఫిన్ తినండి. దారిలో రెడ్‌హిల్స్‌కి ముందు షోళవరం వస్తుంది. పాత యుద్ధకాలపు విమానాల రన్‌వే అది, ఒకప్పుడు మద్రాసు రేసులు అక్కడే జరిగేవి. మా నాయన బియ్యం లోడు లారీని పక్కన ఆపి చూసేవాడంట. ఆయన నిలబడిన చోట కారుకీ తనకీ మధ్య ఒక తాడే ఉండేదని చెప్పేవాడు.

ట్రాక్‌కి పోయాక కంచెకి ఆనుకుని నిలబడవద్దు. తిన్నటి రోడ్డు ముగిసి మలుపు మొదలయ్యే చోట బయటివైపు అసలే వద్దు, అదుపు తప్పిన కారు అటే వస్తుంది. జెండా పట్టుకుని ట్రాక్ కాపలా కాసే మార్షల్ జరగమంటే వెంటనే జరగండి. చెవులకి దూది, నీళ్ళు, టోపీ. ఇదే ట్రాక్‌లో 2023 జనవరిలో 59 ఏళ్ళ సీనియర్ రేసర్ కె.ఇ. కుమార్ కారు తిరగబడి పోయాడు. అదే ఏడు ఆగస్టులో పదమూడేళ్ళ పిలగాడు బైకు రేసులో పోయాడు. అది తెలిసే పోండి.

పోయినసారి మా షాపు కుర్రాణ్ణి కూడా తీసుకుపోయా. రేసు కన్నా, మలుపు దగ్గర పసుపు జెండా పట్టుకుని ఎండలో నిలబడ్డ మార్షల్‌నే ఎక్కువసేపు చూశాడు. వాళ్ళలో చాలామంది జీతానికి కాదు, ఇష్టంతో వచ్చేవాళ్ళేనని చెప్పా. వచ్చేటప్పుడు తడ దాటాక అడిగాడు, "మేస్త్రీ, కాల్లో రాడ్డు ఉన్నోణ్ణి జెండా పట్టుకోనిస్తారా?" అని. మళ్ళీ పోయినప్పుడు గేటు దగ్గర వాళ్ళనే అడుగుదామన్నా.