కుట్టిన జాకెట్ ఒకటి, ఫోన్‌లో పడేది ఇంకొకటి: దర్జీ మడిగెలో ఫొటోల తిప్పలు

ముందు లెన్స్ తుడవండి. మిషన్ నూనె అంటిన వేళ్లతోనే ఫోన్ పడతాం కాబట్టి దర్జీ ఫోన్ లెన్స్ మీద ఎప్పుడూ ఒక జిడ్డు పొర ఉంటుంది. ఫొటో అంతా పొగ కమ్మినట్టు, బల్బుల చుట్టూ చారలు సాగినట్టు వస్తే కారణం చాలాసార్లు ఇదే. ఉతికిన మెత్తటి కాటన్ ముక్క చాలు, జరీ ఉన్న ముక్కతో మాత్రం రుద్దొద్దు. తుడిచినా పోకపోతే కింద చూడండి.

రంగు మారుతోంది

"నేనిచ్చిన బట్ట ఇది కాదు" అని గిరాకీ గొడవ పెట్టుకునేది ఇక్కడే. జాకెట్ పక్కన ఒక తెల్ల ఏ4 కాగితం పెట్టి ఫొటో తీయండి. తప్పు ఎక్కడుందో కాగితమే చెబుతుంది.

కాగితం ఒక అంచున నీలంగా, ఇంకో అంచున పసుప్పచ్చగా ఉంటే రెండు రకాల వెలుగు కలిసింది. మడిగె షట్టర్ వైపు నుంచి పగటి వెలుగు, లోపలి నుంచి బల్బు. ఫోన్ ఒకదానికి సర్దుకుంటే రెండోది చెడుతుంది. లైట్లన్నీ ఆర్పి, బల్లను మడిగె షట్టర్ నుంచి మూడడుగులు లోపలికి జరపండి. ఎండ బట్ట మీద నేరుగా పడకూడదు.

కాగితం మొత్తం ఆకుపచ్చగా ఉంటే మడిగె ముందు ఎండకు కట్టిన గ్రీన్ నెట్ చూడండి. నల్లగొండ, పాలమూరు ఎండలకు అది లేకుండా కుదరదు, కానీ లోపలికొచ్చే వెలుగంతా దాంట్లోంచే వడకట్టి వస్తుంది. ఫొటో తీసే పది నిమిషాలు నెట్ చుట్టేసి, ఎండ పడితే ఆ చోట తెల్లటి కాటన్ లుంగీ కట్టండి. గులాబీ, నీలం గోడలదీ ఇదే కథ. గోడకూ బట్టకూ మధ్య తెల్ల థర్మకోల్ షీట్ నిలబెట్టండి.

ప్రో మోడ్ (కెమెరా సెట్టింగులు మనమే మార్చుకునే పద్ధతి) ఉన్న ఫోన్లలో వైట్ బ్యాలెన్స్‌ను, అంటే తెలుపును తెల్లగా చూపించే సెట్టింగ్‌ను, 5500 కెల్విన్ దగ్గర మొదలుపెట్టి, కాగితం తెల్లగా కనపడేదాకా జరిపి అక్కడే వదిలేయండి. ఆటోలో ఉంచితే ఫొటో ఫొటోకూ రంగు మారుతుంది.

ఎరుపు సంగతి వేరు. పుట్టపాకలో నేసే తేలియా రుమాల్ బట్టలో ఎరుపు, నలుపు, తెలుపు పక్కపక్కనే ఉంటాయి. నలుపు కనపడాలని ఫోన్ వెలుగు పెంచితే ఎరుపు ముద్దయి నేత పోతుంది. ఎరుపు మీద వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేసి, తెర మీద కనిపించే వెలుగు గీతను కిందికి లాగండి. తెల్ల బట్ట బూడిద రంగులో వస్తే మాత్రం పైకి లాగాలి.

జరీ తెల్లగా మండుతోంది, మిగతాది చీకటి

గద్వాల చీరకు ఒళ్లు కాటన్, అంచు పట్టు, పైన జరీ. కాటన్ వెలుగును పీల్చుకుంటే జరీ అద్దంలా తిప్పికొడుతుంది. ఫ్లాష్ వేస్తే అంచు పూర్తిగా పోతుంది. రింగ్ లైట్ కొనడం మా లెక్కలో దండగ: ప్రతి కుందన్‌లో, ప్రతి అద్దంలో ఒక తెల్ల గుండ్రం కూర్చుంటుంది.

మగ్గం డిజైన్ దించడానికి వాడే ట్రేసింగ్ పేపర్‌ను పాత చెక్క చట్రానికి అంటించి, వెలుగుకూ బట్టకూ మధ్య నిలబెట్టండి. బట్టకు రెండడుగుల దూరం చాలు. ఎదుటి పక్క థర్మకోల్ పెట్టండి. షీట్‌ను మధ్యకు కోసి, వెనక వెడల్పు టేపు వేస్తే తెరిచిన పుస్తకంలా తనంతట తానే నిలబడుతుంది.

మగ్గం పని చదునుగా, ప్రింట్ వేసినట్టు వస్తే అది దీనికి తలకిందులు: వెలుగు మరీ మెత్తబడింది. థర్మకోల్ తీసి అక్కడ నల్ల చార్ట్ పెట్టండి. వెలుగు ఒక పక్కనుంచే బట్టను రాసుకుంటూ వస్తే జర్దోసీ (లోహపు తీగతో చేసే కుట్టు) నీడ పడి పైకి లేస్తుంది.

అడ్డంగా నల్ల పట్టీలు

మన కరెంటు 50 హెర్ట్జ్. కొన్ని ఎల్‌ఈడీలు, పాత ట్యూబ్‌లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, ఫోన్ షట్టర్ అంతకన్నా వేగంగా కదిలితే పట్టీలు పడతాయి. ప్రో మోడ్‌లో షట్టర్ వేగాన్ని 1/100 లేదా 1/50 సెకనుకు పెట్టండి.

పట్టీలు కాక నీటి అలల్లాంటి వంపులొస్తే అది కరెంటు పని కాదు. నారాయణపేట సన్న గళ్లు కెమెరా సెన్సర్ గళ్లతో పోటీ పడుతున్నాయి. అరడుగు వెనక్కి జరిగినా, ఫోన్‌ను కాస్త వాల్చినా పోతాయి. ముందు ఫొటోను పెద్దది చేసి చూడండి. అలలు అప్పుడు మాయమైతే అవి తెరవే, ఫొటోవి కావు.

మెడ సాగి, నడుము కుంచించుకుపోయింది

దగ్గర నుంచి, పై నుంచి తీశారు. డమ్మీకి తొడిగితే ఆరడుగులు వెనక్కి వెళ్లి, 2ఎక్స్ జూమ్ పెట్టి, ఫోన్‌ను ఛాతీ ఎత్తులో పట్టండి. డమ్మీ లేకపోతే చీరల డబ్బా అట్టను జాకెట్ ఆకారంలో కోసి లోపల దూర్చి, పైన పాత చున్నీ కుక్కండి. వదులును వెనక బట్టల క్లిప్పులతో లాగాలి.

నేల మీద పరిచి తీయడానికి: ఎత్తు స్టూల్ మీద మూడడుగుల చెక్క పట్టీ, ఒక కొస అడుగున్నర బయటికి. ఫోన్‌ను ఆ కొసకు రెండు రబ్బరు బ్యాండ్లతో కట్టి, లెన్స్ అంచు దాటేలా చూడండి. స్టూల్ మీది కొస మీద చల్లారిన ఇస్త్రీ పెట్టె బరువుంచకపోతే ఫోన్ కిందకొస్తుంది. పట్టీ మట్టంగా ఉందో లేదో కెమెరా తెర మీది గ్రిడ్ గీతలను బట్ట అంచుతో పోల్చి చూడండి. మూడు సెకన్ల టైమర్ పెడితే వేలు తగిలి కదలదు.

పోచంపల్లి బట్ట మసకగా ఉంది

చాలావరకు అది తప్పు కాదు. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకు ముందే రంగు అద్ది నేస్తారు కాబట్టి పువ్వు అంచు సహజంగానే పారినట్టు ఉంటుంది. ఫోన్‌లో షార్ప్‌నెస్ పెంచితే ఆ అందమే చెడుతుంది. ఫోకస్‌ను పువ్వు మీద కాక పైపింగ్ కుట్టు మీద నొక్కండి. కుట్టు పోగులు లెక్కపెట్టేలా కనిపిస్తే ఫొటో బాగున్నట్టే.

మీ ఫోన్‌లో బాగుండి గిరాకీ ఫోన్‌లో మసకగా ఉంటే వాట్సాప్ కుదించింది. పంపేటప్పుడు హెచ్‌డీ నొక్కండి, లేదా డాక్యుమెంట్‌గా పంపండి. స్టేటస్‌లో పెట్టిన ఫొటో చూసి రంగు ఒప్పుకోవద్దని మాత్రం ముందే చెప్పి పెట్టండి.