కీమో బాటిల్ ఖాళీ అయ్యాకే అసలు జాగ్రత్త

పోయిన వారం మాకు తెలిసిన ఒక ఆసుపత్రి డేకేర్ వార్డులో డాక్సోరుబిసిన్ అనే ఎర్రటి కీమో (క్యాన్సర్) మందు ఎక్కించడం పూర్తయ్యాక, ఒక సిస్టర్ స్టాండుకు వేలాడుతున్న బాటిల్లోంచి సెట్ (మందు ఎక్కించే గొట్టం) లాగింది. ఎర్రటి చుక్కలు నేరుగా కంట్లో పడ్డాయి. మందు మొదలుపెట్టేటప్పుడు గ్లవ్స్, గౌను, కళ్లద్దాలు అన్నీ ఉన్నాయట. చివర్లో ‘అయిపోయింది కదా’ అని తీసేసిందట.

గ్లవ్స్ వేసుకోండి అని నర్సులైన మీకు నేను చెప్పక్కర్లేదు. నా గొడవంతా ఈ ‘అయిపోయింది కదా’తోనే. కలిపేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకునేవాళ్లే విప్పేటప్పుడు దెబ్బ తినడం ఎన్నోసార్లు చూశాను. ఖాళీ బాటిల్ ఖాళీ కాదు. చుక్కలు పడే డ్రిప్ చాంబర్లో, గొట్టంలో, బాటిల్లో గుచ్చే స్పైక్ మొనకు మందు ఉంటుంది. అది వేలాడేదేమో మన ముఖానికి పైన.

అందుకే బాటిల్ నుంచి సెట్ విడదీయకండి. సెలైన్‌తో లైన్ ఫ్లష్ చేసి, రెండూ కలిపే తీసేయండి. వెంటనే ఇంకో మందు ఎక్కించాలంటే? మెయిన్ లైన్ ఉత్తి సెలైన్‌తో నడిపి, ప్రతి మందుకూ పక్క లైన్ వేరేగా పెట్టండి. ఆ లైన్ కూడా ముందు సెలైన్‌తోనే నింపాలి, మందుతో కాదు.

మామూలు సెలైన్ సెట్లు ఎర్ర సంచిలోకి వెళ్తాయి కాబట్టి అలవాటుగా చెయ్యి అటే పోతుంది. కీమో సెట్ మాత్రం సైటోటాక్సిక్ (కణాలను చంపేది) అనే లేబుల్ ఉన్న పసుపు సంచిలోకే. ఎర్ర సంచిలోని ప్లాస్టిక్ రీసైక్లింగ్‌కు పోతుంది. దీన్నేమో 1200 డిగ్రీలు దాటిన వేడిలో కాల్చాలని 2016 ఆసుపత్రి వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి.

ఒక్క చుక్కకే ఏమవుతుందిలే అనేవాళ్లకు: ఈ మందులు కలిపే నర్సుల మూత్రంలో జన్యువులను మార్చే పదార్థాల జాడ ఉందని ఫిన్లాండ్ పరిశోధకులు 1979లోనే బయటపెట్టారు. నొప్పి లేదు, దద్దురు లేదు, ఆ రోజుకు ఏమీ తెలియదు. అదే దీంతో వచ్చిన చిక్కు.

శానిటైజర్ క్రిములను చంపుతుంది, మందును పోగొట్టదు. సబ్బు, నీళ్లే.

గ్లవ్స్ రెండు జతలు, కీమోకు పరీక్షించినవే. అరగంటకోసారి మార్చండి, చిరిగితే అప్పటికప్పుడే.

కొత్త వయల్ (మందు సీసా) పైన కూడా మందు అంటి ఉండొచ్చు. డబ్బా విప్పేటప్పుడే గ్లవ్స్.

సర్జికల్ మాస్కు మందు ఆవిరిని ఆపదు.

గాలి అడ్డంగా వీచే లామినార్ ఫ్లో (వడకట్టిన గాలి వీచే బల్ల) దగ్గర కీమో కలపొద్దు. ఆ గాలి మీ మీదికే వస్తుంది.

రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) కోసం మెథోట్రెక్సేట్ అనే కీమో మాత్ర వార్డులో నూరొద్దు. ఫార్మసీకి పంపండి.

రోగి మూత్రం, వాంతి విషయంలో కనీసం 48 గంటలు ఇవే జాగ్రత్తలు. ‘మందు అయిపోయింది కదా’ అని ఆయమ్మ చేతికి యూరిన్ బ్యాగ్ ఒక్కటే ఇవ్వొద్దు. గ్లవ్స్ కూడా ఇవ్వండి, ఎందుకో చెప్పండి.

మందుల ఫ్రిజ్‌లో టిఫిన్ బాక్స్ వద్దు.

కడుపుతో ఉన్నా, పిల్లల కోసం చూస్తున్నా, పాలిస్తున్నా ఇన్‌చార్జికి చెప్పి డ్యూటీ మార్పించుకోండి. మొహమాటపడొద్దు.

కింద ఒలికితే అంచుల నుంచి లోపలికి తుడవాలి. చీపురు ముట్టుకోవద్దు.

కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా కడిగి కంటి డాక్టర్ దగ్గరికి. తర్వాత ఇన్సిడెంట్ రిజిస్టర్లో రాయించండి. ఎవరు వద్దన్నా సరే.